పాత వ్యాను హీటెక్కకుండా, కూలెంటు తగ్గకుండా ఎలా చూసుకోవాలి

పొద్దున్నే బండి తీసే ముందు రేడియేటర్లో ఓ చెంబుడు నీళ్లు పోయడం మన గోదావరి డెల్టాలో చాలామంది వ్యాను వాళ్లకి దేవుడికి దండం పెట్టుకున్నంత అలవాటు. భీమవరం వైపు రొయ్యల ట్రేలు తోలే ఏస్ అయినా, అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయలు వేసుకెళ్లే పాత పికప్ అయినా, బడిపిల్లల్ని దింపే ఓమ్ని అయినా అంతే. పోస్తున్నాం, నడుస్తోంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ కూలెంటు, అంటే ఇంజిన్ని చల్లబరిచే ఆ నీళ్లు, డీజిల్లా ఖర్చయిపోయే సరుకు కాదు. ఇంజినుకీ రేడియేటరుకీ మధ్య అవే నీళ్లు తిరుగుతూ ఉంటాయి. తగ్గుతున్నాయంటే మూడే దారులు: ఎక్కడో కారుతున్నాయి, లేదా మూత ఒత్తిడి పట్టలేక బయటికి వదిలేస్తోంది, లేదా ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, దాటి సిలిండర్లోకి పోయి పొగలో కలిసిపోతున్నాయి. ఏ దారో తేల్చకుండా పోసుకుంటూ పోతే చివరికి హెడ్ విప్పాల్సి వస్తుంది.

ఒక్క హెచ్చరిక ముందే చెప్పాలి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల నీళ్లు వంద డిగ్రీలు దాటి కూడా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటాయి. మూత తీసిన మరుక్షణం అవి ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. ముందు సీటు ఎత్తితే ఇంజిన్ కనబడే బండ్లలో మనిషి దాని మీదికి వంగి నిలబడతాడు కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. కనీసం ముప్పావుగంట ఆగండి. రేడియేటర్ పైనుంచి పోయే రబ్బరు హోస్ పైపు పిసికితే చేతికి మెత్తగా తగలాలి. అప్పుడు మందపాటి గుడ్డ వేసి మూతని మొదటి గాడి దాకా తిప్పి, బుస్సుమనే చప్పుడు ఆగాక పూర్తిగా తీయండి.

ఏ నీళ్లు పోస్తున్నారు?

మన దగ్గర సగం రోగం ఇక్కడే ఉంది. సఖినేటిపల్లి, అంతర్వేది, మొగల్తూరు వైపు బోరు నీళ్లలో ఉప్పు నాలుకకే తెలుస్తుంది. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియాన్ని చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. చాలా బండ్లలో హెడ్, థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచి మూసే వాల్వు) గూడు, కొత్తరకం రేడియేటర్ గొట్టాలు అల్యూమినియమే. లోపలి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా లేకపోయినా గట్టిగా ఉంటాయి. టీ గిన్నె అడుగున పేరుకునే తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ పొర అట్టముక్క అడ్డం పెట్టినట్టే, వేడిని బయటికి పోనివ్వదు. కాలవ నీళ్లలో ఒండ్రు ఉంటుంది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మళ్లీ బోరే దిక్కు. రొయ్యల చెరువు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

వాడాల్సింది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపులో క్యాన్లలో అమ్ముతారు, అదే. ఇంట్లో తాగే ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు దానికి సమానం కావు, అయినా బోరు కంటే ఎంతో నయం. అనుమానముంటే వాటర్ ప్లాంటు అబ్బాయి దగ్గర నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు ఉంటుంది, ముంచి చూడమనండి. మంచి డిస్టిల్డ్ వాటర్ పది లోపే చూపిస్తుంది. మీ బోరు నీళ్లు ఎంత గట్టివో తెలుసుకోవాలంటే చెరువుల నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులోనే హార్డ్‌నెస్ చూస్తారు.

ఉత్త నీళ్లు చాలవా, మనకి మంచు కురుస్తుందా అని అడిగేవాళ్లున్నారు. మంచు కోసం కాదు. కూలెంటులో తుప్పు ఆపే మందు ఉంటుంది, అది వాటర్ పంపు సీలుని కూడా కాపాడుతుంది. పైగా మరిగే వేడి పెరుగుతుంది. ఉత్త నీళ్లు వందకి మరుగుతాయి. సగం సగం కలిపిన కూలెంటు మూత లేకుండానే 107, 108 దాకా ఆగుతుంది. మంచి మూత కూడా ఉంటే 125 దాటుతుంది. రోహిణీ కార్తెలో, లోడుతో, రైల్వే గేటు దగ్గర అరగంట నిలబడ్డప్పుడు ఆ తేడాయే బండిని కాపాడేది.

కారేది ఎక్కడో పట్టుకోవడం

రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజిన్ కిందా రేడియేటర్ కిందా శుభ్రమైన అట్టపెట్టె పరిచి ఉంచండి. పొద్దున మరక ఎక్కడ పడిందో చూసి దానికి నేరుగా పైన టార్చి వేయండి. ఏసీ ఉన్న బండి కింద పడే ఉత్త నీటి చుక్కలు చూసి కంగారు పడకండి. కూలెంటైతే వేళ్ల మధ్య జిగురుగా ఉంటుంది, రంగు ఉంటుంది. నోట్లో మాత్రం పెట్టకండి, విషం.

పొడి మరకలు కూడా చదవాలి. కారిన కూలెంటు వేడికి ఆవిరైపోయాక పచ్చగానో, గులాబీ రంగుగానో, తెల్లగానో పొట్టులా మిగిలిపోతుంది. హోస్ క్లిప్పుల పక్కన, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచున, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర వెతకండి. ఆ రంధ్రాన్ని కొందరు ఎం-సీల్ ముద్ద పెట్టి మూసేస్తారు. అది లీకు కాదు, లోపలి సీలు పోయిందని చెప్పడానికి కంపెనీ వదిలిన కిటికీ. మూస్తే నీళ్లు బేరింగులోకి పోతాయి, పంపు మొత్తం పట్టేస్తుంది. రంధ్రం నుంచి చెమ్మ వస్తున్నా, పుల్లీ పట్టుకు ఊపితే ఆడుతున్నా వాటర్ పంపు (షెడ్డులో వాటర్ బాడీ అంటారు) మార్చడమే.

ఐసు ట్రేలు తోలే బండ్లకి ఇంకో జబ్బుంది. కరిగిన ఉప్పు నీరు పలకల సందుల్లోంచి కిందికి కారి, బండి అడుగున పోయే ఇనుప పైపుల్నీ క్లిప్పుల్నీ తినేస్తుంది. లోడు దించిన రోజే అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగండి. నెలకోసారి పైపుల్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి పైపు ఖంగుమంటుంది, పుచ్చిన చోట మొద్దు చప్పుడు వస్తుంది, తుప్పు పెళ్లలు రాలతాయి.

ఇంత చూసినా దొరక్కపోతే మెకానిక్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకానే గాలి కొట్టి పదిహేను నిమిషాలు వదిలేయాలి. పంపు మీటరు ముల్లు దిగితే లీకున్నట్టే. బయట ఎక్కడా తడి లేకుండా దిగిందంటే నీళ్లు ఇంజిన్ లోపలికే పోతున్నాయి.

మూత

అన్నిటికంటే చవక సామాను, అన్నిటికంటే ఎక్కువగా వదిలేసే సామాను. దాని మీద 0.9 అనో 1.1 అనో అచ్చు ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి అన్ని కేజీల ఒత్తిడి వరకు పట్టి ఉంచుతుందని అర్థం. 0.9 మూత సరిగ్గా పనిచేస్తే ఉత్త నీళ్లు కూడా 118 దగ్గరగానీ మరగవు. స్ప్రింగు వదులైతే వందకే మరిగి, పక్కనుండే ప్లాస్టిక్ కూలెంటు బుడ్డిలోకి పొంగుతాయి.

మూత తిరగేసి చూడండి. అడుగున స్ప్రింగుకి బిగించిన రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద గోరు పెడితే దిగబడి మళ్లీ లేవాలి. గాడి పడి గట్టిపడినా, అంచు చిట్లినా పనికిరాదు. మధ్యలో చిన్న బిళ్ల ఉంటుంది, గోటితో పైకి లాగితే తెరుచుకుని వదలగానే మూసుకోవాలి. ఇంజిన్ చల్లారేటప్పుడు బుడ్డిలోని కూలెంటు తిరిగి రేడియేటర్లోకి వచ్చేది ఈ బిళ్ల గుండానే. అది పట్టేస్తే బుడ్డి నిండుగా కనబడుతూనే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ. చల్లారాక పై హోస్ చప్పిడై అతుక్కుపోయి కనబడినా ఇదే గుర్తు. అందుకే వారానికోసారి, చల్లగా ఉన్నప్పుడు, బుడ్డిని నమ్మకుండా మూత తీసి చూడండి. మెడ అంచు దాకా ఉండాలి. బుడ్డికి వెళ్లే సన్న రబ్బరు పైపు పగిలినా ఇదే జరుగుతుంది, అప్పుడు కూలెంటుకి బదులు గాలి పీలుస్తుంది.

0.9 ఉన్నచోట 1.1 వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. పాత రేడియేటర్, పాత హోసులు ఆ ఒత్తిడికి బలహీనమైన చోట పగులుతాయి.

హోసులు, క్లిప్పులు

చల్లగా ఉన్నప్పుడు పైపు మొత్తం పిసుక్కుంటూ రండి. కరకరలాడినా, కొసల దగ్గర ఉబ్బి మెత్తగా ఉన్నా మార్చండి. స్క్రూ క్లిప్పు మెడ ఉబ్బుకి లోపలి వైపున పడాలి, రబ్బరు అంచుకి మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి. ఉప్పుగాలికి మామూలు ఇనుప క్లిప్పులు ఏడాది తిరక్కుండానే తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్‌వి అడిగి తీసుకోండి. లీకు ఆగడంలేదని మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది, ప్లాస్టిక్ మెడ చిట్లుతుంది. హోస్ తీసినప్పుడు మెడ మీది తెల్ల పొరని సన్న గరుకు కాగితంతో తీసి మళ్లీ తొడగండి. చాలా లీకులు అక్కడే ఆగిపోతాయి.

రేడియేటర్ బయట, లోపల

దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ పొట్టు, గడ్డి నలుసులు, కాలవగట్ల మీద రాత్రిళ్లు దీపాలకి కొట్టుకునే పురుగులు, వీటన్నిటితో రేడియేటర్ రెక్కల సందులు పూడిపోతాయి. పైకి కనబడదు. వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. వెలుగు రాని మేరా గాలి కూడా పోదు. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపుతో, నిదానంగా నీళ్లు పట్టండి. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుంటుంది. జిడ్డు ఉంటే షాంపూ నీళ్లు చల్లి పది నిమిషాలు నాననివ్వండి.

లోపల పూడిందో లేదో తెలియాలంటే బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపి, ఫ్యాన్ కనెక్టరు పీకి, రేడియేటర్ మీద చెయ్యి ఆనించకుండా దగ్గరగా జరుపుతూ చూడండి. గన్ థర్మామీటరుంటే ఇంకా మంచిది. వేడి ఒక కొస నుంచి రెండో కొసకి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఒక పట్టీ మాత్రం చల్లగా తగిలితే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్టు. ఇత్తడి, రాగి రేడియేటర్ అయితే రేడియేటర్ వర్క్స్‌లో ట్యాంకు విప్పి, గొట్టాల్లో చువ్వ దూర్చి పూడిక తీసి (రాడింగ్), మళ్లీ మాటు వేస్తారు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న అల్యూమినియం దానికి ఆ వైద్యం లేదు, మార్చాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయనివ్వకండి. పొరతోపాటు అల్యూమినియాన్నీ తీసేస్తుంది.

లీకుకి పసుపు వేయడం మన లారీల కాలం నాటి చిట్కా. పని చేయదని కాదు. పసుపు నాని ఉబ్బి సూదిబెజ్జాన్ని మూస్తుంది. అదే పసుపు సన్న గొట్టాల్ని కూడా మూస్తుంది, దానికి ఏది బెజ్జమో ఏది దారో తెలియదు కదా. దారిలో ఇల్లు చేరడానికి తప్పనిసరైతే వేసుకోండి, మర్నాడే కడిగించి అసలు రిపేరు చేయించండి. లీకు ఆపే మందులదీ అదే దారి.

ఫ్యాను, థర్మోస్టాట్

రోడ్డు మీద బాగానే ఉండి, ఆగినప్పుడే డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు పైకి పోతోందంటే ముందు ఫ్యాన్ చూడండి. బండి నిలబెట్టి ఇంజిన్ నడవనిస్తే, 95 డిగ్రీల దరిదాపుల్లో కరెంటు ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టి, కాసేపటికి ఆగాలి. తిరక్కపోతే ఫ్యూజు చూడండి. పాత బండ్లలో రేడియేటర్‌కో థర్మోస్టాట్ గూటికో బిగించిన రెండు వైర్ల స్విచ్ ఉంటుంది. దాని కనెక్టరు పీకి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండు వైర్లనీ చిన్న తీగతో కలపండి. చేతులు రెక్కలకి దూరంగా ఉంచుకోండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది, తిరక్కపోతే మోటారో వైరింగో. కంప్యూటర్‌తో నడిచే కొత్త బండ్లలో ఈ పని చేయకండి. మోటారు రీవైండింగ్ చేయించినప్పుడు వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరుగుతూ ఉంటుంది, ఎవరూ గమనించరు. పల్చటి కాగితం రేడియేటర్ ముందు పెడితే అతుక్కోవాలి, ఎగిరిపోకూడదు. బెల్టు ఫ్యాన్ అయితే పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కినప్పుడు బెల్టు సుమారు పది మిల్లీమీటర్లు దిగాలి.

రోడ్డు మీద లోడుతో పోతుంటేనే హీటెక్కి, ఆగితే దిగుతోందంటే రేడియేటరో థర్మోస్టాటో.

"మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, పీకేయ్" అనే సలహా ప్రతి షెడ్డులో దొరుకుతుంది. వినకండి. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారి మూసుకునేలా ఉంటుంది. అది లేకపోతే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే ఇంజిన్లోకి తిరిగొస్తాయి, లోడు మీద ఇంకా హీటెక్కుతుంది. మామూలప్పుడేమో ఇంజిన్ సరైన వేడికి రాక మైలేజీ పడిపోతుంది. విప్పి పరీక్షించడం తేలిక. దాని మీద 82 అనో 88 అనో ఉంటుంది. గిన్నెడు నీళ్లలో దారం కట్టి, అడుగుకి తగలకుండా వేలాడదీసి, థర్మామీటరు పెట్టి పొయ్యి మీద వేడి చేయండి. రాసిన అంకెకి రెండు డిగ్రీలు అటూ ఇటూలో కదలడం మొదలవ్వాలి, మరో పది పన్నెండు డిగ్రీలకి బాగా తెరుచుకోవాలి. నీళ్లు మరుగుతున్నా సగమే తెరిస్తే పారేయండి. బిగించేటప్పుడు స్ప్రింగు ఇంజిన్ వైపు ఉండాలి. అంచున చిన్న గాలి బెజ్జం ఉంటే అది పైకి రావాలి.

హెడ్ గ్యాస్కెట్ అనుమానం

చల్లటి ఇంజిన్, మూత తీసి, రేడియేటర్ నింపి స్టార్ట్ చేయండి. ఒకటి రెండు నిమిషాల బుడగలు మామూలే, లోపలి గాలి. ఆగకుండా సన్నగా వస్తూనే ఉండి, యాక్సిలేటర్ తొక్కితే పెరుగుతున్నాయంటే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి వస్తోంది. ఇంకా వేడెక్కకుండానే పై హోస్ రాయిలా బిగుసుకోవడం, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు, సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తీపి వాసన తెల్ల పొగ, ఇవి కూడా అదే చెబుతాయి. ఆయిల్లో నీళ్లు కలిసిన బండిని లేత్ షాపు దాకా కూడా నడపకండి, కట్టి లాగించండి. హెడ్ విప్పాక దాని అడుగు చదును (ఫేసింగ్) వంకర పోయిందేమో కొలిపించి, కంపెనీ చెప్పిన బిగింపు టార్క్‌కి, చెప్పిన వరసలో బిగించమనండి.

పాత నీళ్లు తీసి కొత్తవి పోయడం

బండి పుస్తకంలో కూలింగ్ మొత్తం ఎన్ని లీటర్లో చూసుకోండి. కొలతల్లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఉదాహరణకి మీ బండిది 4 లీటర్లు అనుకుందాం. కింద హోస్ తీస్తే బకెట్లోకి రెండున్నరే వస్తాయి. మిగతా ఒకటిన్నర ఇంజిన్ బ్లాకులో ఉండిపోతుంది. మీరు సగం సగం కలిపిన రెడీమేడ్ కూలెంటు పోస్తే ఆ నీళ్లతో కలిసి పల్చబడుతుంది. అందుకని గాఢమైన కూలెంటు కొనండి. మంచినీళ్లతో, తేటగా వచ్చేదాకా కడగండి. చివర రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, ఇంజిన్ పది నిమిషాలు నడిపి, చల్లార్చి, ఆ నీళ్లని కిందికి వదిలేయండి. తర్వాత ముందుగా 2 లీటర్ల గాఢ కూలెంటు పోసి, పైన పట్టినంత డిస్టిల్డ్ వాటర్ పోయండి. మొత్తం మీద సగం సగం అవుతుంది. ఉత్త కూలెంటే పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవద్దు, నీళ్లు మోసినంత వేడిని అది మోయలేదు. ఆకుపచ్చదీ ఎర్రదీ కలపకండి. రంగు కంటే డబ్బా మీది రకం ముఖ్యం, తెలియకపోతే పూర్తిగా కడిగి ఒకటే రకం వేయండి. మామూలు ఆకుపచ్చది రెండేళ్లకోసారి మార్చాలి.

గాలి తీయడం మర్చిపోతే పని మొత్తం వృథా. ఇంజిన్ సీటు కింద, రేడియేటర్ ముందు ఉండే బండ్లలో పైపులు పొడవు కాబట్టి గాలి ఇరుక్కుంటుంది. మూత ఉన్న చోటు అన్నిటికంటే ఎత్తులో ఉండేలా బండిని ఏటవాలుగా నిలబెట్టాలి. మన నేల బల్లపరుపు, వాలు కావాలంటే కాలవగట్టు ఎక్కే దారే. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు పెట్టండి. హీటరుంటే పూర్తి వేడికి తిప్పండి. గాలి స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. మూత తీసి ఇంజిన్ నడవనిచ్చి, పై హోస్‌ని అప్పుడప్పుడు పిసుకుతూ, మట్టం దిగినప్పుడల్లా పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది. నింపి మూత వేసేయండి, బుడ్డిని గీతల మధ్యకి నింపండి.

తీసిన పాత కూలెంటుని కాలవలోనో చెరువుగట్టునో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, దూడలు నాకుతాయి, కొంచెమే ప్రాణం తీస్తుంది. మూత ఉన్న క్యాన్‌లో పట్టి, దాని మీద రాసి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్లో ఇవ్వండి.

దారిలో ముల్లు లేస్తే

ఏసీ ఆపండి. హీటరుంటే పూర్తిగా పెట్టి అద్దాలు దించండి, ఉక్కపోసినా సరే. సిద్ధాంతం వంతెనకో చించినాడ వంతెనకో లోడుతో ఎక్కుతుంటే టాప్ గేరులో గుంజనివ్వకండి, ఒక గేరు తగ్గిస్తే పంపు వేగంగా తిరుగుతుంది. ఆవిరి లేకుండా ముల్లు ఒక్కటే పైకి పోతుంటే పక్కన ఆపి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ని మామూలు వేగంలో నడవనిచ్చి చూడండి. దిగకపోతే ఆపేయండి. ఆవిరి వచ్చినా, హోస్ పగిలినా, ముల్లు ఎర్ర గీత దాటినా వెంటనే ఆపాలి. ఆ వేడిలో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. చల్లారాక, ఇంజిన్ నడుస్తుండగా కొద్దికొద్దిగా పోయండి. కాలవ నీళ్లు తప్ప దొరకని చోట పంచెకొంగుతో వడగట్టి వాడి, ఇంటికెళ్లాక పైన చెప్పినట్టు మొత్తం కడగండి. కూలింగ్ అంతా బాగుండి కూడా హీటెక్కుతుంటే పట్టేసిన బ్రేకులు, తగ్గిన ఇంజిన్ ఆయిల్ చూసుకోండి.

కొత్త కూలెంటు పోసిన మర్నాడు పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగా, మూత తీసి రేడియేటర్ నింపి, బుడ్డి మీద మార్కర్‌తో గీత గీసి తేదీ వేయండి. మొదటి రెండు మూడు రోజులు మిగిలిన గాలి పోయి కొంచెం దిగడం మామూలే. ఆ తర్వాత పోసే ప్రతిదీ మిల్లీలీటర్ల గీతలున్న సీసాతో కొలిచి, కిలోమీటర్లతో సహా డైరీలో రాయండి. నెలకి యాభై మిల్లీలీటర్ల లోపయితే పాత బండికి పట్టించుకోనక్కర్లేదు. వారానికి వంద దాటితే అట్టపెట్టె మళ్లీ పరవండి. రోజుకి అర లీటరు తాగుతుంటే ఆ బండికి లోడు వేయకండి, నేరుగా ప్రెషర్ టెస్ట్‌కే తీసుకెళ్లండి.